ఏడో నిమిషంలో అభ్యంతరం లేదు

మూడో అంతస్తులో, మెట్లెక్కగానే కుడివైపున్న ఫ్లాటులోని హాలు ఇకమీదట హాలు కాదు. అది గృహ చలనచిత్ర మందిరం. అందులో బట్టలు మడతపెట్టడం, కూరగాయలు తరగడం, టీవీ చూడటం నిషిద్ధం. ఈ మేరకు ఆ ఇంటి యజమాని స్వహస్తాలతో ఒక కాగితం రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి తలుపుకు అంటించారు. మూడో నిషేధం కొందరికి వింతగా తోచవచ్చు. మందిరం ఇంకా పరీక్షల దశలో ఉంది. పరీక్షలు పూర్తికాకుండా తెర మీద ఏదైనా చూడటం యంత్రానికీ మంచిది కాదు, క్రమశిక్షణకూ మంచిది కాదు.

ఆ యజమాని తూనికలు కొలతల శాఖలో తనిఖీ అధికారిగా ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశారు. ఉద్యోగం నుంచి విరమించి రెండేళ్లయింది. తనిఖీ నుంచి మాత్రం విరమించలేదు. అందుకని అపార్ట్‌మెంటులో చిన్నా పెద్దా అందరూ ఆయన్ను తనిఖీగారనే అంటారు. లిఫ్టు ఏ అంతస్తుకు ఎన్ని సెకన్లలో చేరుతుందో, కుళాయి కట్టేశాక ఇంకా ఎన్ని చుక్కలు రాలతాయో ఆయన దగ్గర రాసిపెట్టి ఉంటుంది. కొలువులో ఉన్నన్నాళ్లూ ఆయన ఒకే సూత్రం పాటించారు. తక్కెడను పరీక్షించేటప్పుడు పళ్లెంలో సరుకు ఉండకూడదు. సరుకుంటే మనసు సరుకు మీదికి పోతుంది, తూకం మీద నిలవదు. ఇరవై తొమ్మిదేళ్లలో ఏ కొట్టులో ఏం అమ్ముతారో ఆయన గమనించిన పాపాన పోలేదు. ఒకసారి ఒక దుకాణంలో ముప్పావుగంట తక్కెడను పరీక్షించి, భేషుగ్గా ఉందని సంతకం చేసి బయటికొచ్చాక, ఆ దుకాణం మూతపడి నెలయిందని తెలిసింది. తక్కెడ మాత్రం నిజంగానే భేషుగ్గా ఉంది.

ఆయన భార్య ఆసుపత్రిలో హెడ్ నర్సు. అందరికీ నర్సమ్మగారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు పూర్తిచేసి ఈ నెల మొదట్లోనే పదవీ విరమణ చేశారు. వీడ్కోలు సభకు రెండు వందల మంది వచ్చారు. తనిఖీగారు రాలేదు. రాకపోవడానికి కారణం భార్య మీద ప్రేమే. ఆ సభ వీడియోను ఆమె పెద్ద తెర మీద హాయిగా చూసుకోవాలని ఆయన ముచ్చటపడి కొత్త తెర తెప్పించారు. దాన్ని గోడకు బిగించే మనిషి సరిగ్గా సభ జరిగే మధ్యాహ్నమే వస్తానన్నాడు. సభను చూసే ఏర్పాట్ల కోసం సభకే వెళ్లడం మానుకున్న భర్తలు లోకంలో ఎందరుంటారు చెప్పండి.

ఆ సభలో నర్సమ్మగారు పదకొండు నిమిషాలు మాట్లాడారు. ఏడో నిమిషంలో, మైకులోనే, అక్కడ లేని భర్తను రెండు మాటలు అడిగారు. ఇంట్లోనే అడగవచ్చు కదా అంటారేమో. ఇంట్లో ఏది అడిగినా ఆయన "ఊఁ" అంటారు. ఆ "ఊఁ"కు అవుననీ కాదు, కాదనీ కాదు, శబ్దం చెవిన పడిందని మాత్రమే అర్థమని తేల్చుకోవడానికి ఆమెకు పాతికేళ్లు పట్టింది. అందుకే ఈసారి రెండు వందల మంది సాక్షుల ముందు అడిగి, వార్డులో పనిచేసే కాంపౌండరు చేత అతని కొత్త ఫోనులో రికార్డు చేయించారు. మొదటి మాట ఇది: కొండల్లో కొత్తగా తెరిచిన నర్సుల శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పమని పిలిచారు, రెండేళ్లు ఉండాలి, క్వార్టరు కూడా ఇస్తారట, వెళ్లమంటారా? జవాబు ఈ నెలాఖరులోగా పంపాలి. ఇక రెండో మాట చెప్పబోయే ముందు, తెర బిగించిన వైనం చెప్పుకోవడం అవసరం.

తెరను అంగుళం అటూ ఇటూ కాకుండా బిగించారు. తనిఖీగారు రసమట్టం పెట్టి చూస్తే తెర వాలలేదు గానీ ఇల్లే కొంచెం వాలి ఉందని తేలింది. ఇంటి సంగతి తరువాత చూసుకోవచ్చని దాన్ని వాయిదా వేశారు. పడగ్గదిలో మూలుగుతున్న పాత కంప్యూటరును తెచ్చి తెర కింద పెట్టి, కేబుల్ తగిలించి, భార్యను సోఫాలో మధ్యస్థానంలో కూర్చోబెట్టి, ఉదయం పదింటికి వీడియో మొదలుపెట్టారు.

తెర మీద నర్సమ్మగారు మైకు కోసం చెయ్యి చాచారు. ఆ చెయ్యి మూడు విడతల్లో మైకును చేరింది. ఈలోగా ఆమె గొంతు అందరికీ నమస్కారం చెప్పేసి, పెద్ద డాక్టరును పొగిడేసి ముందుకు సాగిపోయింది. కాసేపు ఆమె నోరు మూసుకుని మాట్లాడారు, కాసేపు మాట లేకుండా నోరు తెరిచారు. నలభయ్యో సెకనులో తనిఖీగారు వీడియో ఆపేశారు.

"బొమ్మ ఆగితే ఆగనివ్వండి. మాట వినిపిస్తోందిగా" అన్నారు నర్సమ్మగారు.

"తప్పుడు తూకంతో సరుకు ఎలా తీసుకుంటాం? సరిచేశాక చూస్తాను."

"పోనీ నా ఫోనులో చూడండి. చెయ్యంత తెర, చక్కగా ఆడుతోంది."

"నీ కోసం ఇంత పెద్ద తెర పెట్టించి ఫోనులో చూడనా? ఎంత మాటన్నావు!" ఆయన నిజంగానే నొచ్చుకున్నారు.

"సరే. నెలాఖరులోగా చూస్తారుగా?"

"ఊఁ."

నర్సమ్మగారు అపార్ట్‌మెంటులో అందరికీ గట్టిగా చెప్పారు, ఆ రెండు మాటలూ ఎవ్వరూ ఆయనకు అందించకూడదని. ఆయనే విని ఆయనే జవాబు చెప్పాలి. ముప్పై నాలుగేళ్లు రోగుల మాట విన్న మనిషి, ఒక్కసారి తన మాట వినమని కోరుకోవడం అత్యాశేమీ కాదు. దాంతో మూడు అంతస్తుల్లో పిల్లలతో సహా ప్రతివారికీ తెలిసిన ఆ ప్రశ్నలు, ఎవరిని అడిగారో ఆయనకు తెలియకుండానే అందరి నోళ్లలోనూ నానాయి. మెట్ల మీద ఎదురైనప్పుడు వాళ్లు ఆయన్ను అదో రకంగా చూసేవారు. మందిరం ఖ్యాతి కింది దాకా పాకిందని తనిఖీగారు గ్రహించి, హుందాగా తలూపేవారు.

విచారణ లాంఛనంగా మొదలైంది. గళ్ల రిజిస్టరు ఒకటి తెరిచి, దృశ్య లోపాలకు ఒక దస్త్రం, శ్రవణ లోపాలకు మరో దస్త్రం కేటాయించారు. ఒక విచారణలో మరొకటి జోక్యం చేసుకోరాదు గనుక, దృశ్య విచారణ ముగిసేదాకా శబ్దాన్ని పూర్తిగా ఆపివేశారు. పొరపాటున కూడా ఎవరూ నొక్కకుండా రిమోట్ మీద ఆ బటన్‌కు అడ్డంగా టేపు అంటించారు. పళ్లెంలోంచి సరుకు తీసేసినట్టయింది.

సాంకేతిక సలహాకు నర్సమ్మగారి తమ్ముణ్ని పిలిపించారు. అతను కంప్యూటర్ల కొట్టు నడుపుతాడు.

"బావగారూ, అక్క వీడియో చాలా పెద్దది, కొత్త పద్ధతిలో బాగా కుదించి ఉంది" అన్నాడు అతను. "దాన్ని విప్పి బొమ్మగా మార్చడం పెద్ద ప్రాసెసర్ వల్ల కాదు. దానికని విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది. పని దానికి అప్పగించాలి. దాన్నే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అంటారు. మీ దాంట్లో కార్డు ఖాళీగా కూర్చుంది, ప్రాసెసర్ ఒక్కటే చెమటోడుస్తోంది."

తనిఖీగారికి ఇంతకంటే తేలిగ్గా అర్థమైన విషయం జీవితంలో మరొకటి లేదు. ఆయన పనిచేసిన కార్యాలయం మొత్తం ఇరవై తొమ్మిదేళ్లూ అలాగే నడిచింది.

"ఇంతకీ వీడియో చూశారా బావగారూ? అదే... ఏడో నిమిషం?" అన్నాడు బావమరిది, చెప్పులేసుకుంటూ.

"చూడకేం? అక్కడికొచ్చేసరికి పదిహేడు ఫ్రేములు జారిపోతున్నాయి."

జారిపోయిన ఫ్రేములంటే ఏమిటో చెప్పాలి. కదిలే బొమ్మంటే వరసగా తిప్పే నిశ్చల చిత్రాలే. కాంపౌండరు ఫోను సెకనుకు అరవై చిత్రాల చొప్పున తీసింది. యంత్రం అందుకోలేక వదిలేసిన ప్రతి చిత్రమూ జారినట్టు లెక్క. వీడియో ఆడించే ప్లేయర్‌లో ఒక మీట నొక్కితే ఆ లెక్క తెర మూల తెల్లటి అంకెల్లో కనబడుతుంది. ఈ సదుపాయాన్ని కనిపెట్టిన రోజు తనిఖీగారు పట్టరాని ఆనందంతో భోజనం కూడా మరిచిపోయారు. ఆ రోజు నుంచి ఆయన లోపం వెతకడానికి తప్ప ఆ మూల నుంచి చూపు తిప్పలేదు. ఈ అంకెల కోసమైతే అంత పెద్ద తెర అక్కర్లేదని ఎవరైనా అనవచ్చు. పెద్ద తెర మీద అంకెలు కూడా పెద్దగా ఉంటాయి.

బావమరిది చెప్పిన చోట సెట్టింగ్స్‌లో టిక్కు పెడితే నర్సమ్మగారి ముఖం ఆకుపచ్చగా మారింది. టిక్కు తీసేస్తే మామూలు రంగు వచ్చింది గానీ కుదుపులు తిరిగొచ్చాయి. డ్రైవరు, అంటే కార్డు చేత పని చేయించే మధ్యవర్తి ప్రోగ్రాము, పాతబడిందని కొత్తది వేశారు. కొత్తది మరీ కొత్తదని పాతది వేశారు. ప్లేయర్లు నాలుగు మార్చారు. ఒక ప్లేయర్‌లో ఆమె నిలువుగా సాగి కరెంటు స్తంభంలా నిలబడ్డారు. మరో దాంట్లో సభికులు కదిలారు గానీ ఆమె కదల్లేదు. ఇంటర్నెట్‌లో వెతికితే అచ్చం ఇదే జబ్బుతో ఆరేళ్ల కిందట బాధపడిన ఒక పెద్దమనిషి దొరికాడు. నలభై మంది సలహాలిచ్చాక అతను చివర్లో "సరైపోయింది, అందరికీ ధన్యవాదాలు" అని రాసి, ఏం చేస్తే సరైందో చెప్పకుండా అంతర్ధానమయ్యాడు. తనిఖీగారు వివరణ కోరుతూ అతనికి మర్యాదపూర్వకంగా ఒక తాఖీదు పంపారు.

ఇదే సందర్భంలో రిజిస్టరులో ఒక గంభీరమైన లోపం నమోదైంది. ఏడో నిమిషంలో ఒకచోట చిత్రం నాలుగు సెకన్ల పాటు స్తంభిస్తోంది. నర్సమ్మగారు మైకు పట్టుకుని, నోరు మెదపకుండా, కనురెప్ప వేయకుండా కెమెరా వైపే చూస్తూ ఉండిపోతున్నారు. ఏ డ్రైవరుతో ఆడించినా అక్కడ ఆ నాలుగు సెకన్లూ అంతే. తనిఖీగారు దీని మీద రెండు రోజులు శ్రమించారు. చివరికి ఆమె వెనకాల గోడకున్న ఫ్యాను తిరుగుతూనే ఉందని భూతద్దంతో కనిపెట్టి, యంత్రం ఆగలేదని నిర్ధారించారు. "మనిషే ఆగినది. యంత్రదోషం కాదు. విచారణ ముగించడమైనది" అని రాసి కింద సంతకం చేశారు.

నర్సమ్మగారు రోజూ పొద్దున కాఫీ కప్పు ఇస్తూ అడిగేవారు, "చూశారా?" అని. ఆయన "చూస్తున్నాను" అనేవారు. అందులో అబద్ధం ఏమీ లేదు. పదిహేను రోజులు అలా గడిచాయి. మొదట్లో ఆమెకు కోపం వచ్చింది. తరువాత, ఆ మనిషి సోఫా అంచున కూర్చుని తన ముఖాన్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆడిస్తూ ఉంటే, పెళ్లయిన కొత్తలో కూడా ఇంతసేపు తన ముఖానికి ఎదురుగా కూర్చోలేదని గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ నవ్వు అట్టే నిలవలేదు.

చివరికి ఈ వీడియోను విప్పడం పాత కార్డు వల్ల కాదని తేలి, కొత్త కార్డు వచ్చింది. దాన్ని కంప్యూటరులో బిగించారు. కుదుపులు పూర్వం ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. తొమ్మిది రోజులు మళ్లీ టిక్కులు, మళ్లీ డ్రైవర్లు. తొమ్మిదో రోజు నర్సమ్మగారు తెర కింద ఊడుస్తూ కంప్యూటరును పక్కకు జరిపి, దాని వెనకవైపు ఒకసారి చూశారు.

"ఏమండీ, ఈ కొత్త కార్డుకు వైరే తగిలించలేదేం? తెర నుంచి వచ్చిన కేబుల్ ఇంకా పాత సాకెట్‌లోనే ఉంది. సెలైన్ సీసా కట్టి, గొట్టం పక్కమంచం వాడి చేతికి పెట్టినట్టుంది మీ వైద్యం."

ఆమె కేబుల్ తీసి కొత్త కార్డుకు గుచ్చి, చీపురు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు. బొమ్మ నీళ్లలా పారింది. పదకొండు నిమిషాలు, ముప్పై తొమ్మిది వేల ఆరు వందల ఫ్రేములు, జారినవి సున్నా. తనిఖీగారు కళ్లు తుడుచుకుని రిజిస్టరులో ఇలా నమోదు చేశారు: "నిర్విరామ పరిశోధన ఫలితంగా లోపం కనుగొనబడినది." ఎవరి చేత అనే వివరానికి ఆ గడిలో చోటు చాల్లేదు.

ఇంతటి విజయాన్ని నలుగురితో పంచుకోకపోవడం సంస్కారం కాదు. మర్నాడు సాయంత్రం మందిరానికి ప్రారంభోత్సవం జరిగింది. అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షులవారు ప్రసంగించారు.

"మానవుడు నిప్పును కనుగొన్నాడు. చక్రాన్ని కనుగొన్నాడు. నేడు మన మూడో అంతస్తులో సున్నాను సాధించాడు! ఈ ఘనత ఒక వ్యక్తిది కాదు, మనందరిదీ, ముఖ్యంగా ఈ సంఘానిది. లిఫ్టు పనిచేయకపోయినా ఇందరు మెట్లెక్కి రావడమే అందుకు నిదర్శనం!"

చప్పట్లు మోగాయి. దీపాలార్పారు. శ్రవణ విచారణ ఇంకా చేపట్టలేదు కాబట్టి ప్రదర్శన నిశ్శబ్దంగా సాగింది. వచ్చినవాళ్లంతా ఆ ఉపన్యాసాన్ని ఫోన్లలో ఎప్పుడో విన్నవాళ్లే. అయినా కుర్చీలు ముందుకు జరుపుకుని తెర మూల అంకెనే చూడసాగారు. ఏడో నిమిషం వచ్చింది. కిందిఅంతస్తు పిన్నిగారు ఉండబట్టలేక తనిఖీగారి ముఖంలోకి చూసింది. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"చూశారా?" అన్నారు ఆయన, మూలకు వేలు చూపించి. "ఇక్కడా సున్నాయే!"

హాలంతా మళ్లీ చప్పట్లు కొట్టింది. చివరి వరుసలో కూర్చున్న నర్సమ్మగారు కొట్టలేదు. టీ కప్పులు తీసుకెళ్లే పని ఉందని లేచారు.

నెలాఖరు రోజు ఉదయం ఆమె ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "వీడియో మొత్తం చూశారా?"

"మొత్తమా! ఇప్పటికి నూట అరవై నాలుగు సార్లు."

"అయితే ఏమంటారు?"

ఇలాంటి విషయాలు నోటిమాటగా తేల్చేవి కావు. తనిఖీగారు ఆగమని చెయ్యి చూపి, తెల్లకాగితం తీసి, మార్జిన్ గీసి, ధ్రువపత్రం రాశారు. "శ్రీమతి హెడ్ నర్సు వారి ఉపన్యాస దృశ్యమును నేను ఆద్యంతము, ఏడవ నిమిషముతో సహా, నూట అరవై నాలుగు పర్యాయములు స్వయముగా పరిశీలించితిని. ఎచ్చటను నాకెట్టి అభ్యంతరమును లేదు." కింద సంతకం, తేదీ.

నర్సమ్మగారు దాన్ని నిలబడి రెండుసార్లు చదివారు. ఆయన వినలేదని ఆమెకు తెలుసు. "ఇంకేమీ లేదా?" అన్నారు.

"ఇంకేముంటుంది? ఎక్కడా ఒక్క తప్పు లేదంటే!"

ఆమెకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ఏదీ బయటపడలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు.

ఆ తరువాతి సోమవారం పొద్దున తమ్ముడు కారు తెచ్చాడు. నర్సమ్మగారు పెద్ద సూట్‌కేసుతో గుమ్మంలో నిలబడి "వెళ్తున్నానండీ. ఫ్రిజ్‌లో రెండు రోజులకు సరిపడా ఉంది" అన్నారు. ఆ సమయంలో తనిఖీగారు రెండో దస్త్రానికి అట్ట వేస్తున్నారు. "ఊఁ" అన్నారు.

కారు వీధి మలుపు తిరిగి అరగంట అయ్యుంటుంది. శ్రవణ విచారణకు వేళయింది. తనిఖీగారు రిమోట్ మీది టేపు ఊడదీసి, శబ్దం పెంచి, అలవాటైన వీడియోనే పెట్టారు. గొంతు, పెదవులు కలుస్తున్నాయా లేదా చూడటానికి తెర మూల నుంచి చూపు తిప్పి, మొదటిసారిగా మాట వింటూ ఆమె నోటి వైపు చూడవలసి వచ్చింది. ఆరు నిమిషాలు పెన్ను చేత్తో పట్టుకుని ఉన్నారు. ఏడో నిమిషంలో పెన్ను కింద పడింది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నారు. మళ్లీ విన్నారు. సూట్‌కేసు ఎంత పెద్దదో అప్పుడు గుర్తొచ్చింది. ఫోను తీసి చేశారు.

"విన్నారా?" అన్నారు నర్సమ్మగారు, హలో అనకుండానే.

"విన్నాను."

"ఎన్నోసారి?"

తనిఖీగారు పుట్టి బుద్ధెరిగాక ఒక అంకె చెప్పడానికి సిగ్గుపడటం అదే ప్రథమం. "మొదటిసారి" అని, "నేనూ వస్తాను" అన్నారు.

"క్వార్టరు ఒక్కరికే అని రాసి పంపించేశానండీ. మీ ధ్రువపత్రం కూడా జతచేశాను. ఇంత స్పష్టంగా రాసే భర్తను చూడలేదని అక్కడ మెచ్చుకున్నారు. ఇప్పుడు దాన్ని ఇద్దరికి మార్చాలంటే మీరు దరఖాస్తు పెట్టుకోవాలట. పరిశీలించడానికి ఒక సంఘముందట."

"ఎన్నాళ్లు పరిశీలిస్తారు? ఏం చూస్తారు? అసలు చదువుతారా?"

"ఊఁ" అన్నారు నర్సమ్మగారు.

తనిఖీగారిని చూసి నవ్వుకోవడానికి పాఠకులకు పూర్తి హక్కుంది. అయితే ఒక చిన్న విషయం. నర్సమ్మగారు అడిగింది రెండు మాటలని మొదట్లోనే చెప్పాం, రెండోది చెప్పబోయే ముందు తెర బిగించిన వైనం ఎత్తుకున్నాం. ఆ తరువాత కార్డు పనిచేసిందా, కేబుల్ ఎక్కడుంది, ఎన్ని ఫ్రేములు జారాయి అని మీరు ఎంతో ఆసక్తిగా చదువుతూ వచ్చారు. ఆ రెండో మాట ఏమిటని మధ్యలో మీరెప్పుడైనా ఆగి అడిగారా? ఇప్పుడు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. అయినా రికార్డు కోసం చెబుతున్నాం. "ఒక్కదాన్నే వెళ్లాలంటే మనసొప్పడం లేదు. మీరూ నాతో వస్తారా?" అని ఆమె అడిగారు. అడిగి, జవాబు కోసం కెమెరా వైపు చూస్తూ నాలుగు సెకన్లు ఆగారు. ఆ నాలుగు సెకన్లలో రెండు వందల నలభై ఫ్రేములు నడిచాయి. ఒక్కటీ జారలేదు.